నిద్ర డైరీలో లేని గడి: ఒక కేస్ స్టడీ

కొడుకు విదేశంలో ఉండగా ఇక్కడ నిద్ర పట్టక మా దగ్గరకి వచ్చిన ఒక తల్లి కేసు ఇది. ఇందులో నేను ఏడు నెలలు తప్పుదారిన నడిచాను. ఆ ఏడు నెలల్లో కాగితం మీద అంతా సవ్యంగానే కనిపించింది. లక్షణాల తీవ్రత కొలిచే స్కేళ్లలో మార్కులు తగ్గాయి, కుటుంబం సంతోషపడింది, నేనూ లోపల కాస్త మురిసిపోయాను. నాలాగే కౌన్సెలింగ్ గదిలో కూర్చునే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ఇలాంటి తల్లులు మన దగ్గరకి ఇంకా చాలామంది వస్తారు.

ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గోప్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు కాబట్టి ఊరు, ఉద్యోగాలు, ఇంట్లో కొన్ని వరసలు మార్చాను. పేరు కూడా పెట్టను, ‘ఆవిడ’ అనే అంటాను. గడియారం టైములు మాత్రం మార్చలేదు. అవి మారిస్తే ఈ కేసులో ఇక ఏమీ మిగలదు.

నేపథ్యం

63 ఏళ్లు. కోస్తాలో ఒక పట్టణం. భర్త ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు, తొమ్మిదేళ్లుగా అమెరికాలో ఉంటున్నాడు, భార్య, ఒక పాప. పదేళ్లుగా ఆవిడకి బీపీ, అదుపులోనే ఉంది.

ఆగస్టులో మా దగ్గరకి పంపింది వాళ్ల ఫిజీషియన్. గుండె దడ, ఒళ్లు నొప్పులు, నిద్ర లేకపోవడం. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, షుగర్ అన్నీ చూశారు. ఏమీ లేదు. ‘అన్నీ నార్మలే, మీరు టెన్షన్ పెట్టుకోకండి’ అన్నారట. ఆ మాట విన్నాక ఆవిడకి ఇంకో టెన్షన్ పట్టుకుంది: మరి ఇదంతా నా మనసు చేస్తున్న పనేనా, మతి పోతోందా అని.

రెండేళ్లుగా రాత్రిపూట ఆల్ప్రజోలామ్ అనే, ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మాత్ర వేసుకుంటున్నారు. మొదట 0.25, తర్వాత 0.5 మిల్లీగ్రాములు. ఎవరో డాక్టరు వారం రోజులకి రాసిన చీటీ అది. మెడికల్ షాపతను మొదట్లో చీటీ అడిగేవాడు, తర్వాత మొహం చూసి ఇచ్చేవాడు. ఈ మందు షెడ్యూల్ హెచ్1లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మన ఊళ్లలో జరిగేది వేరు. అది ఇంకో వ్యాసానికి సరిపడా కథ.

వచ్చిన సమస్య

మొదటిరోజు నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆవిడ భర్తే జవాబు చెప్పారు. ‘తిండి సరిగ్గా తినదు మేడమ్’, ‘రాత్రి తొమ్మిదింటికల్లా మంచమెక్కుతుంది, నాలుక్కి లేచి కూర్చుంటుంది’, ‘వాడు అక్కడ, మేమిక్కడ, బెంగ మేడమ్, అంతే’. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ తలూపారు. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు కదా అనుకుని నేను ఆవిడతో విడిగా మాట్లాడలేదు. నా మొదటి తప్పు ఇదే. దీని ఖరీదు తర్వాత తెలిసింది.

డిప్రెషన్‌ని కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 14 వచ్చింది. ఒక మోస్తరు డిప్రెషన్ అని అర్థం. చనిపోవాలన్న ఆలోచనల గురించి ఆ ఫారం మీద వదిలేయకుండా నోటితో అడిగాను. లేవు. నిద్రలేమి తీవ్రత స్కేలు ఐఎస్‌ఐలో 28కి 20. రెండు వారాలు నిద్ర డైరీ రాయమని ఇచ్చాను. మంచమెక్కిన వేళ, నిద్ర పట్టిన వేళ, మెలకువ వచ్చిన వేళ, లేచిన వేళ. అందరం వాడే గడులే.

డైరీ చాలా శ్రద్ధగా రాసుకొచ్చారు. వారంలో ఐదు రోజులు 3:50కీ 4:05కీ మధ్య మెలకువ, మళ్లీ నిద్ర లేదు. శని, ఆదివారాల రాత్రులు మాత్రం హాయిగా 5:30 దాకా నిద్ర. ఆవిడ చిన్నప్పటి నుంచీ లేచే వేళ అదే.

మొదటి ఆలోచన

రెండు విషయాలు నన్ను ఒకే వైపు తోశాయి.

ఒకటి, తెల్లవారుజాము మెలకువ. వేళకి రెండు గంటలు ముందే మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం డిప్రెషన్‌కి పుస్తకాల్లో రాసి ఉండే గుర్తు. ఆవిడది గంటా ముప్పావు లోపే. దగ్గర్లోనే ఉందిలే అని సరిపెట్టుకున్నాను. అలాంటి డిప్రెషన్‌లో పొద్దుటిపూట మనసు మరీ బరువుగా ఉంటుంది. ఆవిడ మాత్రం ఐదు కాకముందే తేలికపడి, కాఫీ పెట్టుకుని, ముగ్గేసుకునేవారు. ఇది నా నోట్సులో నా చేత్తో రాసి ఉంది. రాశాను గానీ దాని మీద ఆలోచించలేదు.

రెండోది, శని, ఆదివారాలు. ఆ రెండురోజులూ ఆడపడుచు కుటుంబం వస్తుంది, కొడుకు వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడతాడు. ఇల్లు నిండుగా ఉంటే నిద్ర పడుతోంది, ఖాళీ అయితే పోతోంది. ఇంకేం కావాలి? ఒంటరితనం, దాని మీద డిప్రెషన్. డైరీ నా ఊహని బలపరిచిందని సంతోషించాను.

పీహెచ్‌క్యూలో ఆ 14 ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు విడదీసి చూడాల్సింది. అందులో ఎనిమిది నిద్ర, నీరసం, ఏకాగ్రత అనే మూడు ప్రశ్నలవే. సరిగ్గా నిద్రపోని మనిషి ఎవరికైనా ఆ ఎనిమిదీ వస్తాయి.

మా సైకియాట్రిస్టు డిప్రెషన్ మందు ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పదికి పెంచారు. ఆవిడ బీపీ మాత్రలో నీరు లాగే మందు కూడా కలిసి ఉంది. ఈ వయసులో ఆ రెండూ కలిస్తే రక్తంలో సోడియం పడిపోవచ్చు, అందుకని మొదలుపెట్టేముందు ఒకసారి, రెండు వారాలకి మరోసారి పరీక్ష చేయించారు. బాగానే ఉంది.

నా వైపు నుంచి సాయంత్రం కాఫీ మాన్పించాను, కండరాలు బిగించి వదిలే రిలాక్సేషన్ నేర్పాను, గుడి దగ్గర పారాయణ బృందంలో చేరమన్నాను. కొడుకుతో ఫోన్లో మాట్లాడి రోజుకి ఒక కాల్ కాస్తా రెండు చేయించాను. ఆల్ప్రజోలామ్‌ని సెప్టెంబరులో కొద్దిగా తగ్గించి చూశారు డాక్టరు గారు. మూడోరోజుకే ఆవిడ పాత మోతాదుకి వెళ్లిపోయారు. ‘తొమ్మిదింటికి నిద్ర పట్టకపోతే నా పని అయిపోతుందమ్మా’ అన్నారు. తొమ్మిదింటికే ఎందుకు పట్టాలి అని నేను అడగలేదు.

నవంబరులో వచ్చిన మెరుగు

నవంబరు మొదటి వారం తర్వాత డైరీ మారింది. మెలకువ వచ్చే వేళ నాలుగు నుంచి ఐదుకి జరిగింది. ఐదుకి లేస్తే మళ్లీ పడుకోవాల్సిన అవసరమే లేదు, ఎలాగూ లేచే వేళకి అరగంటే తక్కువ. నిద్ర గంట పెరిగింది. డిసెంబరుకి ఐఎస్‌ఐ 13, పీహెచ్‌క్యూ 8.

ఆ వారంలోనే ఒక్కరోజు డైరీలో పక్కన చిన్న అక్షరాలతో ‘ఒళ్లంతా చెమటలు, చాలా కంగారు’ అని ఉంది. మంగళవారం. అడిగితే ‘ఏదో పీడకలమ్మా’ అన్నారు. వదిలేశాను.

మందు పట్టింది, పారాయణ పట్టింది, కాల్స్ పట్టాయి అనుకున్నాం. నెలకోసారి వస్తే చాలన్నాం.

మార్చి

మార్చి మూడోవారంలో ఆయన ఫోన్ చేశారు. ‘మళ్లీ మొదటికొచ్చింది మేడమ్.’ ఐఎస్‌ఐ 19. నాలుగింటికి మెలకువ. ఇంట్లో కొత్తగా ఏమీ జరగలేదు. మందు మానలేదు. తిరగబెట్టింది అని రాసుకున్నాను. మా సైకియాట్రిస్టు మోతాదు పెంచాలా, ఇంకో మందు కలపాలా అని ఆలోచిస్తున్నారు. పెంచేముందు కొడుకుతో ఒకసారి మాట్లాడతానన్నాను.

మాట్లాడటానికి టైము కుదుర్చుకుంటుంటే అతను యథాలాపంగా అన్నాడు: ‘మేడమ్, పోయిన వారం ఇక్కడ క్లాక్స్ మారాయి. కాబట్టి మీకు గంట ముందు అవుతుంది.’

ఫోన్ పెట్టేసి ఆవిడ ఫైలు తెరిచాను. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మనకి ఆ గొడవ లేదు. అతనుండేది సెంట్రల్ టైములో. వేసవిలో మనకీ వాళ్లకీ తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. ఆవిడ మెలకువ నవంబరులో అదే వారం గంట వెనక్కి వెళ్లింది, మార్చిలో అదే వారం గంట ముందుకి వచ్చింది. ఏ డిప్రెషనూ అమెరికా గడియారం చూసి నడవదు.

శని, ఆదివారాల సంగతి కూడా అప్పుడే విడిపోయింది. మనకి ఆదివారం తెల్లవారుజాము నాలుగంటే అక్కడ శనివారం సాయంత్రం ఐదున్నర. సోమవారం తెల్లవారుజాము అంటే అక్కడ ఆదివారం సాయంత్రం. ఆడపడుచుకీ ఆ నిద్రకీ ఏ సంబంధమూ లేదు. ఆ రెండురోజులూ అబ్బాయికి ఆఫీసు సెలవు.

తర్వాతి సెషన్‌లో ఆయన్ని బయట కూర్చోమని బతిమాలాను. తలుపు వేశాక ఒకటే అడిగాను.

‘అమ్మా, నాలుగింటికి మిమ్మల్ని ఏం లేపుతోంది?’

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బ్యాగులోంచి ఫోను తీసి చూపించారు. 3:50కి అలారం, శబ్దం లేకుండా వణికేటట్టు. దిండు కింద పెట్టుకుంటారట. ‘అది వాడు ఆఫీసులో కారెక్కే టైమమ్మా. నలభై నిమిషాల దారి. ఇంటికెళ్లాక వాట్సాప్ చూస్తాడు. లాస్ట్ సీన్ మారిందంటే ఇల్లు చేరినట్టు. అప్పటిదాకా ఆంజనేయస్వామిని తలుచుకుంటూ కూర్చుంటా.’

‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?’

‘మీరు ఎన్నింటికి మెలకువ వస్తోందని అడిగారు. ఎందుకు వస్తోందని అడగలేదుగా.’

నవంబరు మంగళవారం చెమటల సంగతీ చెప్పారు. అక్కడ టైము మారినట్టు ఆవిడకి తెలియదు. మామూలుగా 4:40కి మారే లాస్ట్ సీన్ ఐదు దాటినా మారలేదు. గంటసేపు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. 5:40కి మారింది. ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదింటికి మాత్ర ఎందుకో కూడా తెలిసింది. త్వరగా పడుకుంటేనే నాలుక్కి లేవగలరు. నిద్రమాత్ర వేసుకునేది నిద్ర కోసం అనుకున్నాం. ఆవిడ దాన్ని లేవడానికి వాడుతున్నారు.

లొకేషన్ షేరింగ్

ఇక్కడి నుంచి దారి తిన్నగా సాగిందని రాయాలని ఉంది. కానీ నేను వెంటనే ఇంకో తప్పు చేశాను.

సంగతి తెలిసి కొడుకు చాలా బాధపడ్డాడు. ‘నా ఫోన్ లొకేషన్ అమ్మకి షేర్ చేస్తాను మేడమ్, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకుంటుంది’ అన్నాడు. సరే అన్నాను. అప్పుడు నాకు తట్టిన తర్కం ఇది: ఆవిడకి కావలసింది కచ్చితమైన సమాచారం, అది చేతిలో ఉంటే కాపలా కాయక్కర్లేదు, పొద్దున్న లేచాక చూసుకున్నా ఇంటి దగ్గర చుక్క కనిపిస్తుంది.

ఐదోరోజుకే ఆయన లెక్కపెట్టి చెప్పారు, ఒక్క పూటలో ఇరవై ఆరుసార్లు చూసిందని. ఇదివరకు రోజులో భయపడే వేళ ఒక్కటే. ఇప్పుడు అతను కూరగాయలకి వెళ్లినా, పాపని స్కూల్లో దింపినా చూపు ఆ చుక్క మీదే. ఒకరాత్రి అతను బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఉన్నప్పుడు చుక్క కదలకుండా ఆగిపోయింది. ఆ రాత్రి ఆవిడ కునుకు తీయలేదు.

పదోరోజున ఆపించాను. దురద ఉన్నచోట గోకితే ఆ క్షణం హాయిగానే ఉంటుంది. గోకిన కొద్దీ దురద పెరుగుతుంది. ఆందోళనలో సరిచూసుకోవడం కూడా ఇలాగే పనిచేస్తుంది. చూసిన ప్రతిసారీ భయం తగ్గుతుంది కాబట్టి, చూడటం వల్లే అబ్బాయి క్షేమంగా ఉన్నాడని మనసు లెక్క కట్టుకుంటుంది. చూడకపోయినా క్షేమంగానే ఉండేవాడని తెలుసుకునే అవకాశం దానికి ఎప్పుడూ రాదు. పానిక్ కేసుల్లో నేను దీన్ని రోజూ చెబుతాను. ఇక్కడ మాత్రం అమ్మ ప్రేమ అనే వేషంలో వచ్చేసరికి గుర్తుపట్టలేదు. రోజుకి రెండు కాల్స్ పెట్టించినప్పుడూ ఇదే పొరపాటు చేశానని అప్పుడు తెలిసింది.

పదకొండు రోజులు

చూడటం మాన్పించేముందు, ఇది ఎక్కడ మొదలైందో తెలియాలి. కొడుకు విదేశం వెళ్లి తొమ్మిదేళ్లు. కాపలా మొదలై మూడేళ్లు కూడా కాలేదు. మధ్యలో ఆరేళ్లు ఆవిడ సుబ్బరంగా నిద్రపోయారు.

ఇది కూడా ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడే చెప్పారు. సుమారు మూడేళ్ల కిందట ఆఫీసు నుంచి వస్తూ అతనికి కారు ప్రమాదం జరిగింది. చెయ్యి విరిగింది. అమ్మకి బీపీ, కంగారు పడుతుందని చెప్పలేదు. రోజూ వీడియో కాల్ మాత్రం చేసేవాడు, కెమెరా మెడ వరకే కనిపించేటట్టు పెట్టుకుని. పదకొండోరోజున ఎవరో బంధువు పెట్టిన ఫొటోలో కట్టు కట్టిన చెయ్యి కనిపించింది.

‘పదకొండు రోజులు బాగానే ఉన్నానమ్మా అన్నాడు. నేను నమ్మి, పప్పు చేశా, పచ్చడి చేశా అని కబుర్లు చెప్పా.’ కాసేపు ఆగి, ‘ఈయనకి మొదటిరోజే తెలుసంట’ అన్నారు.

బయట కుర్చీలో కూర్చున్న ఆయనకి.

అప్పటి నుంచీ ‘బాగానే ఉన్నాను’ అన్న మాటకి ఆవిడ దగ్గర విలువ పోయింది. మాట అబద్ధం చెబుతుంది, మొహం కూడా కెమెరా పెట్టే కోణాన్ని బట్టి అబద్ధం చెబుతుంది. ‘లాస్ట్ సీన్ అబద్ధం చెప్పదు కదమ్మా’ అన్నారు. ఆ మాటతో నా ఫార్ములేషన్, అంటే ఈ సమస్య ఎందుకొచ్చిందో నేను వేసుకున్న అంచనా, మొత్తం మళ్లీ రాసుకున్నాను. అప్పటిదాకా దీన్ని అనిశ్చితిని తట్టుకోలేని మనస్తత్వంగా చూస్తున్నాను. అది కొంత ఉంది. కానీ ఆవిడ భయంలో న్యాయమైన భాగం ఒకటుంది: ఈ ఇంట్లో చెడ్డ వార్త దాస్తారు. అది తన ఊహ కాదు, ఒకసారి జరిగింది. దాన్ని సరిచేయకుండా ‘చూడటం మానండి’ అంటే, ఉన్న ఒక్క నమ్మకమైన ఆధారాన్నీ లాక్కున్నట్టవుతుంది.

ఏది పనిచేసింది

మేలో ముగ్గురితో కలిపి సెషన్ పెట్టాను. మాకు పొద్దున్న 6:30, అతనికి ముందురోజు రాత్రి 8. నేను పెట్టిన అజెండా ఒక్కటే: ఆసుపత్రి, ప్రమాదం, ఉద్యోగం పోవడం, వీటిలో ఏదైనా జరిగితే ఆ రోజే, అమ్మానాన్నలిద్దరికీ ఒకేసారి చెప్పాలి. ఒకరికి చెప్పి ఒకరికి దాచకూడదు. అతను వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకోలేదు. ‘దాని బీపీ సంగతి మీకు తెలియదు మేడమ్. నేను చెప్పకపోబట్టే ఆ పదకొండు రోజులు పడుకుంది.’ ఆవిడ మొదటిసారి గొంతు పెంచారు. ‘ఆ పదకొండు రోజులు పడుకున్నందుకే ఈ మూడేళ్లు పడుకోలేదండీ.’ తర్వాత ఆయన చాలాసేపు నేల చూశారు. క్షమించమనే అలవాటు ఆ తరం మగవాళ్లకి తక్కువ. ‘ఇకనుంచి చెప్తాలే’ అన్నారు. ఆవిడకి అది చాలింది.

జూన్‌లో కోడలికి జ్వరం ఎక్కువై ఒకరాత్రి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అతను రెండు గంటల్లో ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదు. మర్నాడు రాత్రి, కోడలు ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, ఆరు గంటలు నిద్రపోయారు. ‘చెప్పాడుగా’ అన్నారు. నేను చేసిన ఏ పనికన్నా ఆ ఫోన్ కాలే ఎక్కువ చికిత్స అని నా అభిప్రాయం.

దాని తర్వాతే కాపలా తగ్గించే పని మొదలుపెట్టాం. ఒక్కసారిగా మాన్పిస్తే నిలవదని, మెట్లు వేసుకున్నాం. అలారం 3:50 నుంచి 4:20కి, అక్కడి నుంచి 4:50కి, ఆ తర్వాత అలారం లేకుండా 5:30కి. ఒక్కో మెట్టు మీద వారం. రోజూ పడుకునేముందు, ఈ రాత్రి ఏదైనా జరుగుతుందని ఎంత భయం ఉందో రాయాలి, పొద్దున్న నిజంగా ఏం జరిగిందో పక్కన రాయాలి. మామూలుగా శాతాల్లో రాయిస్తాం. ఆవిడకి శాతాలు రుచించలేదు. ‘పదహారణాల్లో ఎన్ని అణాల భయం?’ అని అడిగాను. ఠక్కున ‘పన్నెండు’ అన్నారు. అప్పటి నుంచి మా లెక్కంతా అణాల్లోనే. మొదటి వారం పన్నెండు, పదకొండు. ఆరో వారానికి మూడణాలు. సున్నా అణాలు ఎప్పుడూ రాయలేదు. నేను అడగనూ లేదు. అంత దూరంలో బిడ్డ ఉన్న తల్లికి మూడణాల భయం ఉండటంలో తప్పు లేదు.

ఫోను హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి, పడగ్గదిలోకి కీ ఇచ్చే పాతకాలం అలారం గడియారం తెచ్చుకున్నారు. రెండోవారంలో ఒకరాత్రి ఆవిడ లేచి హాల్లోకి వెళ్తే అక్కడ ఫోన్ లేదు. మంచికే అనుకుని ఆయన బీరువాలో దాచారు. తెల్లవారుజామున పెద్ద గొడవ. మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఆయనకి వీలైనంత నెమ్మదిగా చెప్పాను: ‘ఫోన్ హాల్లోనే ఉండాలి సార్, ఆవిడకి కనిపించేలా. చేతికందేలా ఉన్నా తీసుకోకపోవడమే ఆవిడ చేయాల్సిన పని. మీరు దాస్తే, ఈ ఇంట్లో మళ్లీ దాస్తున్నారనే అర్థమవుతుంది.’ ఆయనకి ఈసారి అర్థమైంది. ఆ వారం మెట్టు మాత్రం రెండు వారాలు పట్టింది.

మంచం మీద గడిపే సమయం కూడా తగ్గించాం. తొమ్మిది నుంచి ఐదున్నర దాకా, ఎనిమిదిన్నర గంటల్లో ఆవిడ నిజంగా నిద్రపోయేది ఆరు గంటలే. నిద్రలేమికి చేసే సీబీటీలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే చికిత్స) ఇది ముఖ్యమైన భాగం, 1987లో స్పీల్‌మన్ బృందం వివరించిన పద్ధతి. మంచం మీద మేలుకుని ఉండే సమయాన్ని కత్తిరిస్తే నిద్ర ఒత్తిడి పెరిగి ముక్కలైన నిద్ర అతుక్కుంటుంది. ఆవిడ వయసూ మాత్రా దృష్టిలో పెట్టుకుని మరీ బిగించకుండా రాత్రి 11 నుంచి 5:30 అని పెట్టాను. తూలిపడే ప్రమాదం ఉందని రాత్రిపూట బాత్రూమ్ లైటు వేసి ఉంచమన్నాను. అసలు ఇబ్బంది వేరే: సీరియల్ తొమ్మిదిన్నరకి అయిపోతే పదకొండు దాకా ఏం చేయాలి? ఆవిడే దారి కనిపెట్టారు. దూది తెచ్చుకుని వత్తులు చేసుకునేవారు. అక్టోబరుకల్లా కార్తీకమాసానికి వీధి మొత్తానికి సరిపడా వత్తులు తయారయ్యాయి.

ఆల్ప్రజోలామ్‌ని ముట్టుకున్నది అన్నిటికంటే చివర, జులైలో. మొదటిసారి ఎందుకు విఫలమైందో ఇప్పుడు తెలుసు: ఆ మాత్ర కాపలాకి అవసరమైన పనిముట్టు. కాపలా పోయాక దానికి పని లేదు. అయినా శరీరం అలవాటు పడి ఉంటుంది. రెండేళ్లకి పైగా వాడినదాన్ని ఒక్కసారి ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు గారు పావు భాగం చొప్పున, ఒక్కో మోతాదు మీద మూడు వారాలు ఉంచుతూ దించారు. సెప్టెంబరులో పది రోజులు కాస్త కష్టపడ్డారు. అర్ధరాత్రి భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయొచ్చని, తెలుగులో మాట్లాడతారని ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంచాం. వాడాల్సిన అవసరం రాలేదు. ఎస్సిటలోప్రామ్ కొనసాగించారు. దాని వల్ల ఎంత మేలు జరిగిందో ఈ కేసులో విడదీసి చెప్పలేను.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ప్రతి కేసులోనూ మొదటి గంటలో కనీసం ఇరవై నిమిషాలు మనిషితో ఒంటరిగా మాట్లాడతాను. ఇంట్లోవాళ్లు నొచ్చుకున్నా సరే. మన దగ్గర భర్త చెప్పే చరిత్రని భార్య చరిత్రగా రాసేసుకోవడం చాలా సులువు. ఆయన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు, ‘బెంగ’ అనడం కూడా నిజమే. అసలు విషయం మాత్రం ఆయనున్నచోట బయటికి రాదు.

మెరుగైనప్పుడు కూడా ఎందుకు అని అడుగుతున్నాను. తిరగబెడితే వంద ప్రశ్నలు వేస్తాం, బాగుపడితే మన ఘనతగా ఖాతాలో వేసుకుంటాం. నవంబరులో ‘ఏం మారిందమ్మా?’ అని ఒక్కమాట అడిగి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో, పిల్లలు ఏ టైములో ఏం చేస్తారో ఇక్కడివాళ్ల దినచర్య పక్కన పెట్టి చూస్తున్నాను. రెండు గడియారాలు గోడ మీద ఉన్న ఇల్లు మనకి చాలా మామూలైపోయింది. ఆ రెండో గడియారంతో బతుకుతున్నది ఎవరో అడగడం నాకు అలవాటు కావడానికి ఇంత పట్టింది.

పిల్లలతో కూడా మాట్లాడుతున్నాను, ముఖ్యంగా ‘అమ్మకి చెప్పకండి’ అనేవాళ్లతో. వాళ్లది దురుద్దేశం కాదు. చెప్పకుండా ఉండేందుకు ఎంత అభిమానం కావాలో నాకు తెలుసు. అందుకని ఉపన్యాసం ఇవ్వను, పదకొండు రోజుల సంగతి చెబుతాను. ఆవిడ ఒప్పుకున్నారు కూడా.

నిద్ర డైరీలో ఒక గడి కలిపాను. మెలకువ వచ్చిన వేళ పక్కనే: ‘ఏం లేపింది?’

మళ్లీ నవంబరు

అసలు పరీక్ష ఇదే అని నేను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. ఆవిడకి చెప్పలేదు. చెబితే దాని కోసమే మేలుకుంటారేమో అని భయం. నవంబరు మొదటి ఆదివారానికి ముందు వారం, తర్వాత వారం డైరీలు పక్కపక్కన పెట్టి చూశాను. ముందు వారం మెలకువ 5:20, 5:30, 5:25. తర్వాతి వారం 5:30, 5:20, 5:30. గడియారం అక్కడ మారింది, ఇక్కడ మారలేదు.

ఐఎస్‌ఐ 9. పూర్తిగా నిద్రలేమి పోయిందని చెప్పలేను. అక్కడ మంచు కురుస్తుందని వార్తల్లో విన్న రాత్రుల్లో ఇప్పటికీ ఒకసారి లేస్తారు, డైరీలో నిజాయితీగా రాస్తారు. పీహెచ్‌క్యూ 5. ఆల్ప్రజోలామ్ అక్టోబరులో పూర్తిగా ఆగింది.

డైరీ నా చేతికిస్తూ, ‘వాళ్లకి టైము మారిందటమ్మా, ఆదివారమే ఫోన్ చేసి చెప్పాడు’ అన్నారు. నేను ‘ఏం లేపింది’ గడి చూస్తున్నాను. మంగళవారం దగ్గర ‘పాలవాడు’ అని ఉంది.